1866లో ఆస్ట్రియా నేలను ముట్టని బిస్మార్క్ 1871లో అల్సాస్-లొరైన్‌ను ఎందుకు తీసుకున్నాడు?

ప్రశ్న: పలకాబలపం

నమస్కారం. జర్మనీ ఏకీకరణ గురించి చదివేకొద్దీ ఒక విషయం నాకు పొసగడం లేదు. 1866 జూలై 3న సడోవా దగ్గర (జర్మన్లు కోనిగ్రాట్జ్ అంటారు) ఆస్ట్రియా సేన చిత్తుగా ఓడిపోయింది. వియన్నాకు దారి దాదాపుగా తెరుచుకుంది. ప్రష్యా రాజు విల్‌హెల్మ్, ఆయన సేనాపతులలో చాలామంది ముందుకు సాగవలసిందేనన్నారు. అయినా ప్రష్యా ప్రధానమంత్రి బిస్మార్క్ పట్టుబట్టి ఆపించి, ఆస్ట్రియా నుంచి ప్రష్యాకు అంగుళం నేల కూడా తీసుకోకుండా ఆగస్టు 23న ప్రేగ్ సంధి కుదిర్చాడు. అయిదేళ్ళు తిరగకముందే అదే మనిషి ఫ్రాన్స్‌ను ఓడించి, అల్సాస్‌ను, లొరైన్‌లో ఒక భాగాన్ని కలుపుకుని, అది చాలదన్నట్టు 500 కోట్ల ఫ్రాంకుల పరిహారం విధించాడు.

మన పాఠ్యపుస్తకాలు మొదటిదాన్ని దూరదృష్టి అని మెచ్చుకుంటాయి. రెండోదాన్ని ఫ్రాన్స్‌లో ప్రతీకారేచ్ఛకు బీజం అని రెండు వాక్యాల్లో తేల్చేస్తాయి. ఆ రెండు నిర్ణయాలూ ఒకే బుర్రలోంచి ఎలా వచ్చాయో చెప్పవు. ఓడినవాణ్ణి అవమానించరాదన్నది నిజంగా బిస్మార్క్ పాటించిన సూత్రమా, లేక 1866లో అతను పరిస్థితులకు తలవంచాడా? సూత్రమే అయితే 1871లో దాన్ని ఎందుకు వదులుకున్నాడు? తెలిసినవారు వివరంగా రాయగలరు.

జవాబు: పటాలపెట్టె

పలకాబలపం గారూ, ముందుగా ఒక చిన్న సవరణ. ఆస్ట్రియా ఏమీ పోగొట్టుకోలేదనుకోకండి. వెనీషియా (వెనిస్ ప్రాంతం) పోయింది, అయితే అది ఇటలీకి దక్కింది. డెన్మార్క్ వైపున్న హోల్‌స్టీన్ మీద హక్కు పోయింది. యుద్ధవ్యయం కింద 4 కోట్ల థాలర్లు (అప్పటి ప్రష్యా నాణెం) లెక్కగట్టి, అందులో ష్లెస్విగ్-హోల్‌స్టీన్ పద్దు కింద కోటిన్నర, ఆక్రమణ సేనల పోషణ కింద అరకోటి తగ్గించి, మిగిలిన 2 కోట్లు ఆస్ట్రియా నుంచి వసూలు చేశారు. వీటన్నిటికంటే పెద్ద నష్టం మరొకటి: 1815 నుంచి తాను అధ్యక్షస్థానంలో కూర్చున్న జర్మన్ సమాఖ్య రద్దయి, జర్మనీ వ్యవహారాలలోంచి ఆస్ట్రియా శాశ్వతంగా తప్పుకోవలసి వచ్చింది. బిస్మార్క్ యుద్ధానికి దిగిందే దానికోసం. కోరుకున్నది చేతికి వచ్చాక బొహీమియాలో నాలుగు తాలూకాల కోసం యుద్ధం పొడిగించడం అతనికి అనవసరమైన జూదంగా కనిపించింది.

ఆ జూదంలో ప్రమాదం ఎక్కడుందో చూడాలంటే పారిస్ వైపు తిరగాలి. ప్రష్యా, ఆస్ట్రియా రెండూ ఏళ్ళ తరబడి కొట్టుకుని అలిసిపోతే, పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు తాను మధ్యలో దిగి రైన్ నది ఒడ్డున ఏదో ఒకటి రాబట్టుకోవచ్చునని ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ లెక్క వేసుకున్నాడు. 1865 అక్టోబరులో బియారిట్జ్‌లో బిస్మార్క్ తనను కలిసినప్పుడు ఏ హామీ ఇవ్వకుండా, ఏ అభ్యంతరమూ చెప్పకుండా విన్నాడు. 1866 ఏప్రిల్ 8న ఇటలీ ప్రష్యాతో మూడు నెలల గడువు గల పొత్తు కుదుర్చుకోవడం వెనక అతని ప్రోత్సాహం ఉంది. జూన్ 12న ఆస్ట్రియాతోనూ విడిగా ఒక రహస్య ఒప్పందం చేసుకుని, యుద్ధం ఎటు మొగ్గినా వెనీషియా తన చేతి మీదుగానే ఇటలీకి వెళ్ళేట్టు చూసుకున్నాడు. తీరా పిల్లి గోడ దిగేలోపలే పోరు తేలిపోయింది.

అయినా అతని చేతిలో ఒక ముక్క మిగిలింది. సడోవా తరువాత రెండు రోజులకు, జూలై 5న, ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ వెనీషియాను ఫ్రాన్స్‌కు అప్పగించి మధ్యవర్తిత్వం కోరాడని ఫ్రాన్స్ అధికార పత్రిక ప్రకటించింది. ఆ రోజు పారిస్ మంత్రిమండలిలో సేనను సమీకరించి సరిహద్దుకు పంపాలన్న వాదన కూడా వచ్చింది. నెపోలియన్ చివరికి వెనకాడాడు గాని, అతను ఎంతకాలం వెనకాడతాడో బెర్లిన్‌లో ఎవరు చెప్పగలరు? మరోవైపు జూన్ 24న కుస్టోజాలో ఇటలీని ఓడించిన ఆస్ట్రియా దక్షిణ సేనను డాన్యూబ్ వైపు తరలిస్తున్నారు. ప్రష్యా శిబిరాలలో కలరా ప్రబలింది. సామ్రాజ్యాల పటాలు తిరగరాయాలంటే తనతో కలిపి ఒక మహాసభ పెట్టాలని రష్యా జార్ పట్టుబట్టే సూచనలూ ఉన్నాయి.

ఈ నేపథ్యంలో, సంధి షరతులు తేల్చిన నికోల్స్‌బర్గ్ కోటలో జరిగిన పేచీని చూడండి. రాజు విల్‌హెల్మ్‌కు యుద్ధానికి ముందు చాలా సంకోచాలుండేవి, తోటి రాజవంశం మీద కత్తి దూయడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. గెలిచాక మాత్రం అపరాధికి శిక్ష పడాలన్నాడు. ఆస్ట్రియా ఏలుబడిలోని సైలీషియా, బొహీమియా సరిహద్దు పట్టీ, శాక్సనీలో కొంత, బవేరియా నుంచి తన వంశమైన హోహెన్‌జోలెర్న్‌ల పాత భూములు కావాలన్నాడు. తామంతా తమ తమ ప్రయోజనాల కోసం పోరాడినవాళ్ళమేనని, న్యాయమూర్తి పీఠం ఎక్కే పని ప్రష్యాది కాదని బిస్మార్క్ వాదం. మాట నెగ్గక తన గదికి వెళ్ళిపోయి, ఆ పై అంతస్తు కిటికీలోంచి దూకితే పోతుందేమో అన్నంతవరకు ఆలోచన వెళ్ళిందని వృద్ధాప్యంలో రాసుకున్నాడు. అప్పుడు యువరాజు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, తాను ఈ యుద్ధాన్ని మొదటినుంచీ వ్యతిరేకించినా ఇప్పుడు తండ్రి దగ్గర అతని పక్షాన మాట్లాడతానన్నాడు. ఇంత ఘనవిజయం తరువాత ఈ పుల్లని పండు కొరకవలసి వచ్చిందని రాజు పెన్సిలుతో పత్రం అంచున రాసి ఒప్పుకున్నాడని అదే జ్ఞాపకాలలో ఉంది. పదవి పోగొట్టుకున్న మనిషి చెప్పిన కథ కాబట్టి రంగులు కొంత తగ్గించి చదవాలి. రాజు కోరికలు, బిస్మార్క్ అడ్డుకోవడం, యువరాజు సాయం ఈ మూడింటి మీద మాత్రం చరిత్రకారులకు పెద్దగా అనుమానం లేదు.

జవాబు: కోటగుమ్మం

పటాలపెట్టె గారు రాసినదానితో నాకు పేచీ లేదు. కాని వియన్నాలో నిలబడి చూస్తేనే అది ఔదార్యంగా కనిపిస్తుంది. ఉత్తర జర్మనీలోని హానోవర్ రాజ్యంలో నిలబడి చూడండి.

1866 జూన్ 27న లాంగెన్‌సాల్జా దగ్గర హానోవర్ సేన ప్రష్యా దళాన్ని ఓడించింది. చుట్టూ ప్రష్యా బలగాలు పెరగడంతో రెండు రోజులకే లొంగిపోయింది. అంధుడైన రాజు అయిదవ జార్జ్ సింహాసనం పోయింది, రాజ్యం పోయింది, ఆ తరువాత వంశపు ధనాన్ని కూడా ప్రష్యా జప్తు చేసింది. హెస్సె-కాసెల్, నసావ్, ఫ్రాంక్‌ఫర్ట్, ష్లెస్విగ్-హోల్‌స్టీన్‌లతో కలిపి ఒక్క ఏడాదిలో నలభై లక్షలకు పైగా జనం ఎవరూ తమను ఏమీ అడగకుండానే ప్రష్యా ప్రజలయ్యారు. ఉత్తర ష్లెస్విగ్‌లో డెన్మార్క్ వైపు మొగ్గే జనం అభిప్రాయం తీసుకుంటామని ప్రేగ్ సంధి 5వ అధికరణంలో మాట ఇచ్చారు. ఆ మాటను 1878లో ఆస్ట్రియాతో కలిసి రద్దు చేసుకున్నారు. ఓటింగు జరిగింది 1920లో, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడాక.

ఫ్రాంక్‌ఫర్ట్ సంగతి మరీ చేదుగా ఉంటుంది. అది స్వతంత్ర నగరం, జర్మన్ సమాఖ్య సభ కూర్చునేది అక్కడే. బిస్మార్క్ 1851 నుంచి 1859 దాకా ప్రష్యా ప్రతినిధిగా అక్కడే గడిపాడు. 1866 జూలై 16న ప్రష్యా సేన నగరంలో దిగి మొదట సుమారు 60 లక్షల గిల్డర్లు వసూలు చేసింది. అది చెల్లించగానే మరో రెండున్నర కోట్లు తెమ్మని ఆజ్ఞ వచ్చింది. సేనాధికారుల ఒత్తిడి తట్టుకోలేక మేయర్ కార్ల్ ఫెల్నర్ జూలై 24న ఉరి వేసుకున్నాడు. నికోల్స్‌బర్గ్‌లో ఆస్ట్రియాతో సంధి షరతులు మృదువుగా దిద్దుతున్నది సరిగ్గా ఆ వారంలోనే.

కాబట్టి పటం ముందు పెట్టుకుంటే విషయం తేలికగా తెలుస్తుంది. 1815 నుంచి ప్రష్యా రెండు ముక్కలు. తూర్పున బ్రాండెన్‌బర్గ్, సైలీషియా, పడమర వెస్ట్‌ఫాలియా, రైన్‌లాండ్. మధ్యలో అడ్డుగా ఉన్నవి హానోవర్, హెస్సె-కాసెల్. అడ్డుగా ఉన్నదాన్ని మింగాడు. బవేరియా, వుర్టెంబర్గ్, బాడెన్ రేపు తనతో కలిసి రావలసినవి కనుక వాటి దగ్గర పరిహారం తీసుకుని వదిలిపెట్టాడు. పైగా ఆ ఆగస్టులోనే వాటితో రహస్య రక్షణ ఒప్పందాలు చేసుకున్నాడు. బవేరియాకు చెందిన పాలటినేట్ భూమిని ఫ్రాన్స్ తనకు ఇమ్మని అడిగిందని బవేరియా మంత్రికి చెప్పడంతో ఆ ఒప్పందానికి దారి మరింత సుగమమైంది. ఫ్రాన్స్ అలా అడిగిన మాట అబద్ధం కూడా కాదు.

హానోవర్ ధనం కథ మాత్రం అక్కడితో ముగియలేదు. 1870 నవంబరులో బవేరియా రాజు రెండో లుడ్విగ్ చేత, విల్‌హెల్మ్‌ను చక్రవర్తి బిరుదు స్వీకరించమని కోరే లేఖ రాయించవలసి వచ్చింది. చిత్తుప్రతి రాసింది బిస్మార్కే. పంటినొప్పితో మంచం పట్టిన లుడ్విగ్ దాన్ని హోహెన్‌ష్వాంగావ్ కోటలో తన చేతితో నకలు రాసి పంపాడు. కోటలు కట్టే వ్యసనంతో అప్పుల్లో ఉన్న ఆ రాజుకు ఆ తరువాత ఏటేటా రహస్యంగా అందిన సొమ్ము, హానోవర్ రాజు దగ్గర జప్తు చేసిన నిధిలోనిదే.

పలకాబలపం

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫ్రాంక్‌ఫర్ట్ మేయర్ సంగతి నేను ఎక్కడా చదవలేదు. అయితే నా ప్రశ్న ఇప్పుడు కొంచెం మారుతోంది. అడ్డుగా ఉన్నదాన్ని తీసుకుని, రేపు పనికివచ్చేవాణ్ణి వదిలాడు అనుకుందాం. అల్సాస్ ప్రష్యాకు అడ్డు కాదు, ఆనుకుని కూడా లేదు. రైన్‌కు ఆవలి ఒడ్డున ఉన్నది బాడెన్. ఫ్రాన్స్ లాంటి దేశాన్ని తరతరాలు పగతో రగిలేట్టు చేసి అతను సాధించింది ఏమిటి?

జవాబు: నిదానస్తుడు

ఈ చర్చలో ఇంతవరకు రానిది 1870 యుద్ధపు స్వభావం. 1866 నాటిది మంత్రివర్గాలు మొదలుపెట్టి మంత్రివర్గాలు ముగించిన యుద్ధం. 1870 నాటిది మొదటి నుంచీ వీధుల్లోకి, పత్రికల్లోకి ఎక్కిన యుద్ధం. అలా ఎక్కేట్టు చేసినవాళ్ళలో బిస్మార్క్ ఒకడు.

దక్షిణ రాష్ట్రాలతో ఉన్నవి రక్షణ ఒప్పందాలు గనుక, ఫ్రాన్స్ తనంత తాను దాడికి దిగినట్టు కనపడితేనే అవి పని చేస్తాయి. స్పెయిన్ సింహాసనానికి హోహెన్‌జోలెర్న్ వంశపు లియోపోల్డ్ పేరు ముందుకు రావడం, ఫ్రాన్స్ మండిపడటం, జూలై 12న ఆ అభ్యర్థిత్వాన్ని అతని తండ్రి ఉపసంహరించడం మీకు తెలిసినవే. అక్కడితో ఫ్రాన్స్ గెలిచినట్టే. ఇంకెప్పుడూ ఇలాంటి అభ్యర్థిత్వానికి ఒప్పుకోనని రాజు చేత మాట తీసుకోవాలని పారిస్ పట్టుబట్టకపోయి ఉంటే బిస్మార్క్‌కు ఏ దారీ ఉండేది కాదు. జూలై 13 ఉదయం ఎమ్స్ పట్టణంలో వ్యాహ్యాళికి వెళ్ళిన రాజును ఫ్రాన్స్ రాయబారి బెనెడెట్టి ఆ మాట అడిగాడు, రాజు కాదన్నాడు. తరువాత యువరాజు లియోపోల్డ్ వైపు నుంచి ఉపసంహరణ రూఢి అయిందని సహాయకుని ద్వారా కబురు పంపి, ఇక చెప్పవలసింది లేదన్నాడు. బెర్లిన్‌కు వచ్చిన తంతిలో ఈ వరస అంతా ఉంది. సేనానాయకుడు మోల్ట్కే, యుద్ధమంత్రి రూన్‌లతో భోజనానికి కూర్చున్న బిస్మార్క్ అందులోంచి మధ్యభాగాన్ని తీసేసి సగానికి పైగా కుదించాడు. కొత్త అబద్ధం ఏదీ చేర్చలేదు. కారణం పోయాక మిగిలింది ఇది: రాయబారిని మళ్ళీ చూడటానికి రాజు నిరాకరించి, తన దగ్గర చెప్పడానికి ఇంకేమీ లేదని సహాయకునితో చెప్పించాడు. పారిస్‌లో అది మరో మెట్టు దిగజారింది. జర్మన్‌లో రాజు వెంట ఉండే ఉన్నత సేనాధికారిని సూచించే ‘అడ్జుటాంట్’ అన్న మాటను ఫ్రెంచిలోకి అలాగే దించేశారు. ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం దిగువస్థాయి సేనా ఉద్యోగి. రాయబారికి ఒక హవల్దారు చేత జవాబు చెప్పించారన్నట్టు చదువుకున్నారు. జూలై 19న ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది.

ఇలా మొదలైన యుద్ధాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ ఆపడం కష్టం. ఆగస్టులో విజయాలు రాగానే జర్మన్ పత్రికలు అల్సాస్ మనదేనని, 1681లో పద్నాలుగో లూయీ స్ట్రాస్‌బర్గ్‌ను కాజేశాడని రాయడం మొదలుపెట్టాయి. స్ట్రాస్‌బర్గ్ కోట ఫ్రాన్స్ చేతిలో ఉన్నంతకాలం ఏ క్షణాన్నైనా తమ గుమ్మంలో ఫ్రెంచి సేన దిగవచ్చునన్న భయం బాడెన్, వుర్టెంబర్గ్‌లలో నిజంగానే ఉంది. ఆ రాష్ట్రాలనే ఆ శీతకాలంలో కొత్త సామ్రాజ్యంలోకి రమ్మని ఒప్పించాలి. పలకాబలపం గారు అడిగిన ‘సాధించింది ఏమిటి’ అన్నదానికి జవాబులో ఇది ఒక భాగం. అల్సాస్ ప్రష్యాను ఆనుకుని లేదన్న మాట నిజమే. దక్షిణాదిని ఆనుకుని ఉంది.

రెండో చిక్కు, సంధి చేసుకోవడానికి అవతల ఎవరున్నారు? 1866లో ఫ్రాంజ్ జోసెఫ్ తన సింహాసనం మీదే ఉన్నాడు, వెనీషియా తప్ప తన నేల పోదంటే ఓటమిని మింగడానికి సిద్ధపడ్డాడు. 1870 సెప్టెంబరు 2న సెడాన్‌లో నెపోలియన్ తన సేనతో సహా పట్టుబడ్డాడు. రెండు రోజులకు పారిస్‌లో గణతంత్రం వచ్చింది. సెప్టెంబరు 6న విదేశాంగ మంత్రి జూల్స్ ఫావ్ర్ మా నేలలో అంగుళం, మా కోటల్లో ఒక్క రాయి కూడా ఇవ్వమని ప్రకటించాడు. అదే నెలలో ఫెరియేర్‌లో బిస్మార్క్‌ను కలిసినప్పుడూ ఏదీ కుదరలేదు. ఆ తరువాత పారిస్ ముట్టడి జనవరి 28 దాకా సాగింది. ప్రాణాలు పోయేకొద్దీ గెలిచినవాళ్ళు అడిగే వెల పెరుగుతుంది.

ఇక బిస్మార్క్ తానుగా ఏమనుకున్నాడంటే, సెప్టెంబరు మధ్యలో విదేశాలకు పంపిన లేఖలలో అతని తర్కం స్పష్టంగానే ఉంది. సడోవాలో ఓడింది ఆస్ట్రియా, అయినా ఫ్రాన్స్ దాన్ని తన అవమానంగా భావించి క్షమించలేదు. అలాంటప్పుడు సెడాన్‌ను ఎలా క్షమిస్తుంది? నేల తీసుకున్నా తీసుకోకపోయినా పగ తప్పదు కనుక, కోటలైనా మన చేతిలో ఉండాలి. ఈ తర్కం వినడానికి గట్టిగా ఉంటుంది గాని నాకు ఇందులో పెద్ద లొసుగు కనిపిస్తుంది. పగ తప్పదని ముందే తీర్మానించుకున్నవాడు దాన్ని తగ్గించే దారులు వెతకడు. నికోల్స్‌బర్గ్‌లో రాజు ఇదే మాట ఆస్ట్రియా గురించి అని ఉంటే బిస్మార్క్ ఒప్పుకునేవాడు కాడు.

అయినా అతనికి తెలియకపోలేదు. ఫ్రెంచి మాట్లాడే మెట్స్ నగరాన్ని తీసుకోవడానికి అతను సందేహించాడు, తన ఇంట్లో అంతమంది ఫ్రెంచివాళ్ళు ఉండటం ఇష్టం లేదన్నాడు. ఆ కోట లక్ష సైనికులతో సమానమన్న సేనాపతుల వాదనే నెగ్గింది. 1871 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ ప్రభుత్వాధినేత తియేర్ వచ్చి గంటల తరబడి బేరమాడి, పరిహారాన్ని 600 కోట్ల నుంచి 500 కోట్లకు తగ్గించుకున్నాడు. బెల్ఫోర్ కోటను కూడా దక్కించుకున్నాడు, బదులుగా జర్మన్ సేన పారిస్ వీధుల్లో కవాతు చేయడానికి ఒప్పుకున్నాడు. మార్చి 1న ఆ కవాతు జరిగింది.

జవాబు: పటాలపెట్టె

నిదానస్తుడు గారి జవాబుకు ఒక్క విషయం కలుపుతాను, నా మొదటి జవాబు అసంపూర్ణంగా ఉందని ఇప్పుడు అనిపిస్తోంది గనుక. 1866లో బిస్మార్క్ చెయ్యి పట్టి ఆపినది పక్కన కాచుకుని ఉన్న నెపోలియన్. 1871లో ఆ స్థానంలో నిలబడగల దేశం ఏదీ మిగలలేదు, మిగలకుండా చూసుకున్నది కూడా బిస్మార్కే.

ఒక్కో రాజధానినే చూడండి. వియన్నాలో విదేశాంగ వ్యవహారాలు నడిపిన బాయిస్ట్‌కు సడోవాకు బదులు తీర్చుకోవాలని ఉండేది. కాని 1867 ఒప్పందంతో సమాన భాగస్వాములైన హంగేరీ నాయకులకు ఆస్ట్రియా మళ్ళీ జర్మనీలో వేలు పెట్టడం బొత్తిగా ఇష్టం లేదు. ఆస్ట్రియా కదిలితే తానూ కదులుతానని రష్యా సూచించింది. ఆ రష్యా 1870 అక్టోబరు 31న, క్రిమియా యుద్ధం తరువాత నల్లసముద్రంలో యుద్ధనౌకలు ఉంచరాదని తన మీద పెట్టిన నిబంధనను ఇకపై పాటించనని ప్రకటించింది. బిస్మార్క్ అడ్డు చెప్పలేదు. ఆ గొడవ తేల్చడానికి లండన్‌లో జరిగిన సభలో ఫ్రాన్స్‌తో సంధి ప్రస్తావన రాకుండా జాగ్రత్తపడ్డాడు. బ్రిటన్‌కు ముఖ్యం బెల్జియం. నెపోలియన్ ప్రభుత్వం బెల్జియంను కోరుతూ బెనెడెట్టి చేతిరాతతో ఇచ్చిన పాత ముసాయిదాను దాచి ఉంచి, యుద్ధం మొదలవగానే 1870 జూలై 25న లండన్ పత్రికలో అచ్చు వేయించాడు. ఇటలీ ఆ సెప్టెంబరులో ఫ్రెంచి సేన ఖాళీ చేసిన రోమ్‌లో ప్రవేశించే పనిలో ఉంది.

కాబట్టి నేను సూత్రం వైపు వాదించను. అతను రెండుసార్లూ వేసిన లెక్క ఒకటే: ఇంకొకరు కలగజేసుకునేలోపు ఎంత తీసుకోవచ్చు? 1866లో ఆ లెక్కకు హానోవర్ వచ్చింది, బొహీమియా రాలేదు. 1871లో మెట్స్ కూడా వచ్చింది.

జవాబు: కోటగుమ్మం

అవును. ఆ లెక్కలో అక్కడి జనాన్ని ఏ గడిలోనూ వేయలేదు. 1871 మే 10 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ సంధి ప్రకారం అల్సాస్-లొరైన్ వాసులు ఫ్రెంచి పౌరసత్వం కావాలనుకుంటే 1872 అక్టోబరు 1 లోగా ఎంచుకుని, ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళాలి. మిగిలినవాళ్ళు సామ్రాజ్యంలో ఏ రాష్ట్రానికీ చెందకుండా, అన్ని రాష్ట్రాల ఉమ్మడి సొత్తుగా బెర్లిన్ పాలన కింద ఉండిపోయారు. రాష్ట్రాల ప్రతినిధులు కూర్చునే సమాఖ్య సభలో 1911 దాకా వాళ్ళకు ఓటే లేదు. 1874లో మొదటిసారి జర్మన్ పార్లమెంటుకు ప్రతినిధులను పంపే వీలు దొరికినప్పుడు పదిహేనుమందిని ఎన్నుకున్నారు. ఫిబ్రవరి 18న వాళ్ళ తరఫున ఎడ్వార్డ్ టాయిచ్ లేచి, ఈ విలీనం మీద తమ ప్రజల అభిప్రాయం తీసుకోవాలని తీర్మానం ప్రతిపాదించాడు. సభ తోసిపుచ్చింది.